పిల్లి యొడలిపై కంతులు

భూపాలపల్లి నుండి వచ్చు బాటయు మంథని నుండి వచ్చు బాటయు కలిసికొని, మహాదేవపురము మీదుగా గోదావరీ ప్రాణహితల సంగమమైన కాళేశ్వరమునకు సాగిపోవు చోట కాటారము ఉన్నది. ఒక ప్రక్క టేకు, తునికి చెట్ల అడవియు, మఱియొక ప్రక్క వరిమళ్లును పత్తిచేలును గల ఇట్టి యూళ్లలో పిల్లి ముద్దునకు మాత్రమే పెంచుకొను ప్రాణి కాదు. వడ్లబస్తాల చాటున తిరుగు ఎలుకలను పట్టి, ఆ ఎలుకల వెంట వచ్చు పాములను ఇంటికి దూరముగ నుంచు కాపరి అది. పగలు గూనపెంకుల కప్పుపై ఎండ కాగుచు, రాత్రి పొరుగు వాడకట్టు గండుపిల్లితో పోరాడుచు, వానకాలమంతయు దోమలకును పిడుదులకును ఒడలప్పగించి బ్రతుకు ఆ జంతువు చర్మముపై దాని జీవితమంతయు గుర్తులుగ నిలిచియుండును. ఐనను ఆ చర్మమును మనము చూచుట తక్కువ. బొచ్చు దానిని కప్పియుండును. పిల్లి తన బాధను దాచుకొనును. పాలిచ్చునట్టిది, బండి లాగునట్టిది కాదు కనుక దాని వ్యాధి వలన ఇంటి పని ఏదియు ఆగిపోదు. అందువలన కంతి బాగుగ పెరిగి, పగిలి, వాసన వచ్చినప్పుడు గాని ఇంటివారి దృష్టి దానిపై పడదు. ఈ ఆలస్యమే పిల్లుల విషయమున అన్నిటికంటె పెద్ద శత్రువని చెప్పుటకు నేను సందేహింపను.

పశువుల గడ్డలు మన రైతునకు క్రొత్త కావు. 1929లో నేటి జాంబియా దేశమున మొదట గుర్తింపబడిన లంపీ చర్మవ్యాధి 2019లో ఒడిశాలో కనబడి, 2020లో తెలంగాణ పశువులను బాధించి, 2022లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రములలో వేలకొలది గోవులను బలిగొన్నది. ఆవు మెడమీదను ప్రక్కలమీదను గుండ్రని గడ్డలు లేచుట కన్నులార చూచినవారు, పెంపుడు పిల్లి వీపుపై ఒక కంతి చేతికి తగిలినప్పుడు “ఆవులది దీనికి అంటుకున్నదా?” యని భయపడుట సహజము. అంటుకొనదు. ఆ వ్యాధిని కలిగించు వైరసు గొఱ్ఱెలకును మేకలకును వచ్చు మశూచి వైరసులకు దాయాది. ఈగలు, దోమలు, పిడుదులు కుట్టుట చేత పశువు నుండి పశువునకు ప్రాకి, ఆవులలోను బఱ్ఱెలలోను రోగము కలిగించునే కాని, పిల్లికి గాని మనుష్యునకు గాని సోకునది కాదు. పిల్లి చర్మముపై లేచునవి వేఱు. వానిలో కొన్ని నాలుగు దినములలో మానునవి, కొన్ని ఏండ్ల తరబడి ఉండియు కీడు చేయనివి, కొన్ని రాచపుండ్లు. వీనిని వేఱుపఱుచుటకు కంటికంటె ముందు వ్రేళ్లు పనిచేయవలెను.

చేతికి తగిలినదెల్ల కంతి కాదని మొదట తెలిసికొనవలెను. పిల్లికి సాధారణముగ ఎనిమిది చనుమొనలుండును, గండుపిల్లికిని ఉండును. పొట్టక్రింద రెండు వరుసలుగ నున్న ఈ చిన్న బొడిపెలను పులిపిర్లని భ్రమించి గోటితో గిల్లువారును దారము బిగించువారును లేకపోలేదు. అట్లే చెవి వెనుకనో మెడక్రిందనో రక్తము త్రాగి ఆముదపు గింజవలె ఉబ్బిన పిడుదు కూడ క్రొత్తగ పుట్టిన కాయ యని తోచును; వెండ్రుకలు విడదీసి వెలుతురున చూచినచో చర్మమును అంటియున్న చోట సన్నని కాళ్లు కదలుట కనబడును. దానిపై కిరసనాయిలు పోయ నక్కఱలేదు. సన్నని పట్టకారుతో చర్మమునకు మిక్కిలి దగ్గఱగ పట్టి, నలుపక తిన్నగ లాగినచో ఊడివచ్చును.

ఊరి పిల్లులలో అన్నిటికంటె తఱచుగ కనబడు వాపు చీముగడ్డ. గండుపిల్లులు పోరాడునప్పుడు ఒకదాని కోర మఱియొకదాని చర్మమున దిగును. ఆ కోర సన్ననిది, లోతుగ పోవునది. అది చేసిన రంధ్రము ఒకటి రెండు దినములలోనే పైన పూడిపోవును. నోటియందలి సూక్ష్మజీవులు, ముఖ్యముగ పాశ్చురెల్లా యను జాతి, మూసుకొనిపోయిన ఆ గదిలో నిరాటంకముగ వృద్ధిచెంది, మూడు మొదలు ఐదు దినముల లోపల అచ్చట వెచ్చని, నొప్పిగల వాపు లేచును. పిల్లి తిండి మాని, జ్వరముతో మంచము క్రిందికి దూరును. చేయి వేసినచో బుసకొట్టును. వాపు ముఖముపైననో మెడపైననో ముందఱి కాలిపైననో ఉన్నచో అది ఎదురు నిలిచి పోరాడినదనియు, తోక మొదట ఉన్నచో పాఱిపోవుచుండగ కఱవబడినదనియు ఊహింపవచ్చును. మొదట గట్టిగ నుండి, నడుమ మెత్తబడి, ఒకనాడు పగిలి పసుపుపచ్చని చీము కారుట దీని క్రమము. పశువైద్యుడు దానిని కోసి, కడిగి, తగిన మందిచ్చినచో వారము పది దినములలో మానిపోవును. వానకాలమున ఈగ వ్రాలి పురుగులు పడునేమో యను భయము మాత్రము నిజమైనదే. రెండు వారములు గడచినను మానని గడ్డ, లేక మాని మాని మరల లేచు గడ్డ మఱియొక విషయమును సూచించును. 1986లో కాలిఫోర్నియాలో నీల్స్ పెడర్సెన్ బృందము ఒక పిల్లుల గుంపునందు కనుగొన్న, రోగనిరోధకశక్తిని క్షీణింపజేయు వైరసు ఈ కాటుల ద్వారముననే పిల్లి నుండి పిల్లికి పోవును. అది పిల్లులదే, మనకు రాదు. అది సోకిన పిల్లికి చిన్న గాయమైనను త్వరగ మానదు.

తామరయు గజ్జియు కంతులు కావు గాని కంతులతో పొరపాటుపడదగినవి కనుక రెండు మాటలు చెప్పవలెను. తామర మైక్రోస్పోరమ్ కేనిస్ అను బూజు వలన వచ్చును. వెండ్రుకలు విఱిగి, గుండ్రని బోడిమచ్చ ఏర్పడి, దాని యంచున పొలుసు కట్టును. ఆ పిల్లిని ఒడిలో పెట్టుకొను పిల్లల చేతులపై ఎఱ్ఱని వలయములు లేచినచో రోగమేదో సగము తెలిసినట్లే. అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వుడ్ 1903లో నిర్మించిన అతినీలలోహిత దీపము క్రింద ఈ బూజు సోకిన వెండ్రుకలు పలుమారులు ఆకుపచ్చగ మెఱయును. మెఱయనంత మాత్రమున తామర లేదని చెప్పరాదు. గజ్జి కంటికి కనబడనంత చిన్న పురుగు చేయునది. చెవి అంచున మొదలై, బూడిదరంగు దళసరి పక్కులు కట్టుచు ముఖమునకు ప్రాకును, దురద భరింపరానిది, ఇంటనున్న పిల్లులన్నిటికిని వరుసగ అంటును.

దోమకాటునకు కొన్ని పిల్లుల చర్మము వింతగ స్పందించును. ముక్కు దూలముపైనను చెవుల వెలుపలివైపునను, అనగా బొచ్చు పలుచగ నుండి దోమ సులభముగ కుట్టగల చోట్ల, చిన్న చిన్న కాయలు లేచి, పగిలి, పక్కు కట్టి, మచ్చలు మిగులును. ఇయోసినోఫిల్ అను తెల్లరక్తకణములు ఆ చోట గుమిగూడుటయే దీనికి కారణము. ఆ కణములే మఱికొన్ని పిల్లులలో పైపెదవి నడుమ నొప్పిలేని పుండుగను, వెనుకతొడపై త్రాడు పెట్టినట్లు గట్టి గీతగను వ్యక్తమగును. చూచుటకు ఘోరముగ నుండు ఈ పెదవిపుండు రాచపుండు కాకపోవుటయు, చూచుటకు అల్పముగ నుండు చెవి గీర రాచపుండగుటయు ఈ శాస్త్రమునందలి ప్రధానమైన చిక్కు. వానలు వెనుదిరిగి దోమలు తగ్గిన తరువాత ముక్కుమీది కాయలు తమంత తామే అణగినచో, వానికి మూలము దోమయే యని నిశ్చయింపవచ్చును.

ఆ చెవి గీర సంగతి కొంచెము నిలిచి చెప్పదగినది. తెల్లపిల్లికి, లేక చెవులును ముక్కును మాత్రమే తెల్లగ నున్న పిల్లికి, ఆ భాగముల చర్మమున రంగునిచ్చు మెలనిన్ ఉండదు, బొచ్చును పలుచన. పందొమ్మిదవ అక్షాంశమునకు కొంచెము దిగువ నున్న కాటారమువంటి చోట ఏడాది పొడవున కాయు సూర్యుని అతినీలలోహిత కిరణములు ఆ చర్మకణముల లోనికి నేరుగ దిగి, వాని జన్యుపదార్థమును ఏండ్ల తరబడి గాయపఱుచును. 1971లో ప్రకటింపబడిన కాలిఫోర్నియా పరిశీలనయందు డార్న్, ఆయన సహచరులు తెల్లపిల్లులకు ఈ చర్మపు రాచపుండు వచ్చు ప్రమాదము తక్కిన రంగుల పిల్లులకంటె 13 రెట్లకు మించియున్నదని చూపిరి. మొదట చెవికొన గులాబిరంగు తేఱి, వెండ్రుకలు రాలి, ఎండకు కమిలినట్లు కనబడును. తరువాత సన్నని పొలుసు. పిమ్మట చిన్న పక్కు. గీకిన ఊడి, క్రింద ఒక నెత్తుటి బొట్టు కనబడి, వారమునకు మరల పక్కు కట్టును. ఇది మాసములు సాగును. ఇంటివారు దానిని గాజు పెంకు గీచినదనియో, మఱియొక పిల్లి రక్కినదనియో అనుకొందురు. రక్కిన గాయము రెండు వారములలో మానును, ఇది మానదు. ఒక చెవితో మొదలై రెండవ చెవికిని వచ్చును. అంచు క్రమముగ తినివేయబడి, చెవి కుఱుచయగును. కనుఱెప్పలను, ముక్కుకొనను సైతము విడువదు. గజ్జితో దీనికి పోలిక కలదు గాని, గజ్జి దురదతో త్వరగ ప్రాకి వయసెంతయైనను వచ్చును. ఇది దురద లేక నెమ్మదిగ, వయసు మీఱిన తెల్లపిల్లికి వచ్చును. చెవికి వచ్చిన దానిని తొలిదశలో పట్టుకొన్నచో చెవి డిప్పను కోసివేయుటతో చాల పిల్లులు ఏండ్ల తరబడి సుఖముగ బ్రతుకును. డిప్ప లేకున్నను వినికిడి పోదు. ఇంత స్పష్టముగ కంటికి కనబడుచు, ఇంత తేలికగ చికిత్సకు లొంగు రాచపుండు మఱియొకటి పిల్లులకు లేదని నా నమ్మకము. అందుచేతనే దానిని చేజార్చుకొనుట నాకు మిక్కిలి బాధాకరముగ తోచును. తెల్లపిల్లిని పది గంటల నుండి నాలుగు గంటల వరకు కప్పు ఎక్కనీయక నీడన నుంచుట ఖర్చులేని నివారణము.

తలపైనను మెడపైనను చర్మములోనే కుదురుకొని గుండ్రముగ నుండు కంతులలో రెండింటిని చెప్పెదను. ఒకటి చర్మపు అడుగు పొర కణముల నుండి పుట్టునది. వయసు మళ్లిన పిల్లికి, వెండ్రుకలు లేక, ఒక్కొక్కప్పుడు నల్లగ నుండును. ఆ నలుపును చూచి భయపడుదురు గాని, ఇది సాధారణముగ కీడు చేయనిది. రెండవది మాస్ట్ కణముల కంతి. ఈ కణములకు ఆ పేరు పెట్టినవాడు జర్మను శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిఖ్. 1878 నాటి తన విద్యార్థిదశ సిద్ధాంతవ్యాసమున రంగులు వేసి వీనిని వర్ణించెను. కణము నిండ హిస్టమిన్ రేణువులుండుటచేత, కంతిని నొక్కినను నలిపినను అవి వెలువడి, చుట్టును ఎఱ్ఱబడి ఉబ్బును. ఒకనాడు పెద్దదిగ, మఱునాడు చిన్నదిగ కనబడు కంతిని చూచినచో ఈ జాతిని అనుమానింపవలెను, పిసుకుట మానవలెను. పిల్లులలో ఇది కుక్కలయందువలె కాక తఱచుగ సౌమ్యమైనదే.

పొట్టక్రింది కంతి విషయమున మాత్రము సౌమ్యమను మాటకు చోటు తక్కువ. ఆడుపిల్లి చనుకట్టున పుట్టు కంతులలో నూటికి 80కి పైగ రాచపుండ్లే. చనుమొన ప్రక్కన చర్మము క్రింద చిన్న గులకఱాయి తగిలినట్లుండును, నొప్పి ఉండదు, పిల్లి హాయిగ తినుచు తిరుగుచుండును కనుక “పిల్లలకు పాలిచ్చిన గడ్డ, అదే పోతది” అని ఊరకుందురు. పాలగడ్డ ఐనచో వెచ్చగ, నొప్పిగ నుండి, పిల్లలు పాలు విడిచిన కొలది దినములకే తగ్గవలెను. తగ్గక నిలిచిన దానిని కొలిచి చూడుడు. రెండు సెంటీమీటర్ల లోపల నుండగ శస్త్రచికిత్స జరిగిన పిల్లులలో సగము మూడేండ్లకు పైగ బ్రతుకగా, మూడు సెంటీమీటర్లు దాటిన పిమ్మట జరిగినచో సగము పిల్లులకు ఆయువు కొన్ని నెలలు మాత్రమే. ఒక్క సెంటీమీటరు భేదము వెనుక ఉన్నది కాలము. అది చేజారునది ఇంటివారి చూపు తప్పుటవలన. నివారణము ఇంకను గొప్పది: ఆఱు నెలల వయసులోపల పిల్లికి గర్భసంచి, అండాశయములు తీసివేసినచో ఈ రాచపుండు వచ్చు అవకాశము నూటికి 91 వంతులును, ఏడాది లోపల తీసినచో 86 వంతులును తగ్గునని 2005 నాటి అమెరికా అధ్యయనము తేల్చినది. రెండేండ్లు దాటిన తరువాత తీసినచో ఈ ప్రయోజనము దాదాపు లేదు.

సూదివేసిన చోట వచ్చు కంతి మఱియొక తెగ. 1980ల నడుమ అమెరికాలో క్రొత్తరకపు చంపిన వైరసు టీకాలు వాడుకలోనికి వచ్చిన కొన్నాళ్లకు, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునందు మాటీ హెండ్రిక్, మైకేల్ గోల్డ్‌ష్మిట్ అను వ్యాధినిర్ధారకులు పిల్లుల భుజముల నడుమ, సరిగ సూదులు వేయుచోట, తంతుకణపు రాచపుండ్లు హెచ్చుచున్నవని గమనించి 1991లో ప్రకటించిరి. టీకా మందు రేపిన వాపు చల్లాఱక దీర్ఘకాలము నిలిచి, కొన్ని పిల్లులలో కణములను దారితప్పించునని నేటి భావన. ఇది సుమారు పదివేల సూదులకు ఒకటి వంతున జరుగు అరుదైన సంగతి. సూది వేసిన పిమ్మట చిన్న వాపు లేచి కొన్ని వారములలో పోవుట సాధారణమే. మూడు నెలలు దాటియు నిలిచినచో, లేక రెండు సెంటీమీటర్లకు మించినచో, లేక సూది వేసిన నెల తరువాత కూడ పెరుగుచున్నచో, ఈ మూడింటిలో ఏ యొక్కటి నిజమైనను ముక్క తీసి పరీక్షింపవలెను. దీనికి వెఱచి కుక్కకాటు వెఱ్ఱికి టీకా మానుట మహాపరాధము. అడవి అంచు ఊరిలో తిరుగు పిల్లికి ఆ టీకా అత్యవసరము, దానితో ఆడుకొను పిల్లల కొఱకు మఱింత అత్యవసరము. టీకాను భుజముల నడుమ కాక కాలి క్రిందిభాగమున వేయించి, ఏ కాలికి ఏ తేదీన వేసిరో చీటీపై వ్రాయించుకొన్న చాలును. కంతి పుట్టినచో దానిని చుట్టును మూడు నుండి ఐదు సెంటీమీటర్ల మంచి కండతో సహా తీయవలసియుండును. వెన్నుదగ్గఱ అది మిక్కిలి కష్టము, కాలియందు సాధ్యమగును.

ఇన్ని చెప్పినను, కంటితోను చేతితోను చేసిన నిర్ణయము అనుమానమే కాని రుజువు కాదు. నెలకొకసారి, పిల్లి కడుపునిండ తిని పడుకొన్నప్పుడు, గవదల నుండి తోక మొదటివరకు, చంకలును గజ్జలును విడువక, రెండు చేతుల వ్రేళ్లతో నిమిరి చూడవలెను. తగిలినదాని చోటు, సెంటీమీటర్లలో కొలత, మెత్తదనము గట్టిదనము, చర్మముతోపాటు కదలునా లోపలి కండకు అతుక్కొన్నదా యనునది, తేదీతో సహా క్యాలెండరు ప్రక్కన వ్రాసికొనవలెను. పశువైద్యశాలకు గంపలో గుడ్డ కప్పి తీసికొనిపోయినప్పుడు వైద్యుడడుగు మొదటి ప్రశ్న “ఎన్ని రోజులాయె, ఎంత పెరిగె?” అనునదే. దానికి కాగితముపై జవాబున్నచో సగము పని తీఱును. తరువాత 22వ నంబరు సూదిని కంతిలో గ్రుచ్చి, కొన్ని కణములను పీల్చి, గాజుపలకపై పఱచి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూతురు. దీనికి మత్తు సాధారణముగ అక్కఱలేదు, నిమిషములలో ముగియును. చీము కణములా, కొవ్వా, మాస్ట్ కణములా యనునది దీనితోనే బహుధా తేలిపోవును. తేలనిచో చిన్న ముక్కను కోసి, దాని ఘనమునకు పది రెట్ల ఫార్మలిన్ ద్రావణమున ముంచి ప్రయోగశాలకు పంపుదురు. కాటారము నుండి భూపాలపల్లి, పరకాల మీదుగా సుమారు నూఱు కిలోమీటర్ల దూరమున, వరంగల్లు ప్రక్క మామునూరులో పశువైద్య కళాశాల ఉన్నది. అది చేరియున్న విశ్వవిద్యాలయమునకు పి.వి. నరసింహారావు గారి పేరు పెట్టిరి.

పరీక్ష తేలులోపల ఇంటివారు చేయు చికిత్సలలో కొన్ని కంతికంటె ప్రమాదకరములు. పులిపిరికి మనుష్యులు పూసికొను సున్నము, చాకలిసోడాల ముద్దను పిల్లికి పూసినచో అది క్షణములో నాకును. నాలుకయు గొంతును కాలిపోవును. జీడిగింజ రసము చర్మమును బొబ్బలెక్కించును. కుక్కలకు పిడుదులు పోవుటకు వాడు పెర్మెత్రిన్ మందు పిల్లికి మూర్ఛలు తెప్పించి చంపును. అన్నిటికంటె ఎక్కువగ జరుగు పొరపాటు, వాపు నొప్పికి పారాసెటమాల్ బిళ్లను పొడిచేసి పాలలో కలిపి త్రాగించుట. మన కాలేయము ఆ మందును గ్లూకురోనిక్ ఆమ్లముతో జతచేసి నిరపాయముగ బయటికి పంపును. పిల్లి కాలేయమునకు ఆ జతచేయు శక్తి అత్యల్పము. అందుచేత విషపదార్థము పోగై రక్తకణములను దెబ్బతీయును. ప్రాణవాయువును మోయలేని రక్తము గోధుమవర్ణమునకు మాఱును. చిగుళ్లు బూడిదరంగు తేఱి, ముఖమును పాదములును వాచును. 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒక్కటి చాలును. ఇచ్చినట్లు తెలిసిన వెంటనే పశువైద్యుని చేరినచో విఱుగుడు మందు కలదు, కాని అది గంటలలో జరుగవలెను. పుండు పగిలి కారుచున్నచో పావులీటరు నీటిలో అరచెంచా ఉప్పు వేసి కాచి, చల్లార్చి, ఆ నీటిలో శుభ్రమైన దూదిని తడిపి మెల్లగ తుడువవచ్చును. ఈగలు వ్రాలకుండ పిల్లిని ఇంటిలోపల నుంచవచ్చును. నాకకుండ మెడచుట్టు గట్టి అట్టతో పట్టీ వేయవచ్చును. వైద్యుని చేరువరకు ఇంతకుమించి ఏమియు చేయవలదు.